రంపానికి బలం పెంచే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ చైన్‌సా సిలిండర్ విప్పి, పోర్టులు (వాయువులు వచ్చిపోయేందుకు సిలిండర్ గోడలో ఉండే రంధ్రాలు) అరగదీసి బలం పెంచాలనుకుంటున్నట్లు రాశావు. ఆ పని వద్దని చెప్పడానికి కాదు, ఏది ముందో ఏది వెనుకో చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మొదట గొలుసు చూడు. కోతలోంచి పొట్టు పిండిలా రాలుతోందంటే అది ఇంజిన్ లోపం కాదు, పళ్లు మొద్దుబారాయని అర్థం. పదునుపెట్టి, ప్రతి కోత పంటికీ ముందుండే లోతు గేజీని (పన్ను కట్టెలోకి ఎంత దిగాలో నిర్ణయించే మెట్టును) మామూలు గొలుసులకు పంటి కొనకన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు దిగువన ఉంచితే పేళ్లు ఎగిరిపడతాయి. ఇంజిన్ బలహీనమైందని నా దగ్గరకు తెచ్చిన రంపాలలో చాలావాటికి ఆకురాయి తప్ప మరే మందూ అవసరం పడలేదు.

ఆ తర్వాత సైలెన్సర్. శబ్దాన్నీ పొగనూ అదుపులో ఉంచడానికి దాని బయటి రంధ్రాన్ని చిన్నదిగా చేస్తారు కాబట్టి, దానిని కొంత పెద్దది చేయడమే తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చే మార్పు. సిలిండర్ ఎగ్జాస్ట్ పోర్టు వైశాల్యంలో ముప్పాతిక వంతు దాటనివ్వకు. అంతకు మించితే చెవులకు బాధే తప్ప చెట్టుకు తేడా తెలియదు. నిప్పురవ్వలను ఆపే జాలీని మాత్రం తీసేయవద్దు, ఎండుటాకుల మధ్య పనిచేసేటప్పుడు అడవికి అదే కాపలా. కొత్త రంధ్రం నుంచి వచ్చే వేడిగాలి ప్లాస్టిక్ తొడుగు వైపుకో నీ చేతి వైపుకో తిరగకుండా చూసుకో. వారంటీ ఉన్న యంత్రమైతే అది పోయినట్టేనని ముందే అనుకో.

ఇక్కడే నేను ఒకసారి చేయి కాల్చుకున్నాను. సైలెన్సర్ తెరిచిన ఉత్సాహంలో, గాలిలో ఇంధనం కలిపే కార్బొరేటర్ ముట్టుకోకుండానే కోతకు దిగాను. రంపం మునుపెన్నడూ లేనంత చురుగ్గా అరిచింది. మూడో ట్యాంకు సగంలో ఉండగా గొంతు పట్టేసినట్లు ఆగిపోయింది. విప్పి చూస్తే పిస్టన్‌కు ఎగ్జాస్ట్ వైపున నిలువు గీతలు, ఒక చోట అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకు అంటుకుని ఉంది. గాలి పారుదల పెరిగినప్పుడు ఇంధనం కూడా పెరగాలి. టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్‌కు నూనెను తెచ్చేదీ, కొంత చల్లదనాన్ని ఇచ్చేదీ ఆ ఇంధనమే.

అందుచేత ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేసి, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఇంధనం పెరిగేలా కార్బొరేటర్ మీది అధిక వేగపు స్క్రూను అపసవ్య దిశలో కొద్దికొద్దిగా తిప్పు. కట్టెకు ఆనించకుండా పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు శబ్దం తడబడుతూ గరగరలాడాలి. కోతలో భారం పడగానే అదే శబ్దం శుభ్రంగా సాగాలి. వేగాన్ని పరిమితం చేసే కాయిల్ ఉన్న రంపాలు కూడా గరిష్ఠ వేగంలో ఇలాగే తడబడతాయి కనుక అక్కడ చెవిని నమ్మకుండా ఇంజిన్ వేగాన్ని కొలిచే టాకోమీటరు వాడు. ట్యూనింగ్ అయ్యాక నూనె పాళ్లు మార్చకు. లీటరుకు 20 మిల్లీలీటర్ల నుంచి 25కు పెంచినా, నూనె పెరిగిన మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం పలచనవుతుంది.

దీనితో తృప్తి కలగకపోతేనే సిలిండర్ జోలికి వెళ్లు. ముందు పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దానికీ సిలిండర్ పైకప్పుకూ మధ్య మిగిలే సందును కొలవాలి. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమున్న టంకం తీగను గడ్జన్ పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే కడ్డీ) ఉన్న దిశలో సిలిండర్ గోడ తాకేదాకా దూర్చి, ఫ్లైవీల్‌ను చేతితో ఒక్క చుట్టు తిప్పి, నలిగిన కొనను వెర్నియర్‌తో కొలువు. ఆ దిశలోనే ఎందుకంటే, అక్కడ పిస్టన్ ఊగదు. కొలత ఒక మిల్లీమీటరు దగ్గర ఉంటే సిలిండర్ అడుగున ఉండే గ్యాస్కెట్ తీసి సీలెంట్‌తో బిగించవచ్చు, 0.5 కంటే తగ్గనివ్వకు. సిలిండర్ కిందికి దిగితే పోర్టులన్నీ దానితోపాటే దిగి, తెరుచుకునే సమయాలూ మారతాయని గుర్తుంచుకో.

పోర్టులు అరగదీయడం అన్నింటికన్నా చివరి పని. ఎగ్జాస్ట్ పోర్టు వెడల్పును సిలిండర్ వ్యాసంలో 65 శాతం దాటనివ్వను, పిస్టన్ రింగు కొనలు పోర్టులోకి వచ్చేంతగా ఎన్నడూ సాగదీయను. అంచులను నునుపుగా ఏటవాలు చేయకపోతే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది, గోడ మీది పూత పెచ్చులూడుతుంది.

బిగించాక ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మార్గాలు మూసి, గాలి ఎక్కడైనా కారుతోందేమో అర బార్ పీడనంతోనూ, అంతే శూన్యంతోనూ పరీక్షించు. క్రాంక్ సీలు (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి కారకుండా ఆపే వలయం) దగ్గర సన్నని కారుడు ఉన్నా, నువ్వు చెవితో చేసిన ట్యూనింగ్ అంతా వృథా.

ప్రస్తుతానికి గొలుసు పదునుపెట్టి, ఒకే దుంగ మీద మూడు కోతలకు పట్టిన సమయాన్ని రాసిపెట్టుకో. సైలెన్సర్ మార్చాక, అంతే పదునుతో అదే దుంగను మళ్లీ కోసి చూడు. రెండు లెక్కలూ నాకు రాసి పంపితే, సిలిండర్ విప్పాలో లేదో అప్పుడు తేల్చుకుందాం.