బ్యూనస్ ఎయిర్స్‌లోని లా బోకా పేటపై ఇటాలియన్ వలసదారుల ప్రభావం ఎలాంటిది?

19వ శతాబ్దంలో అర్జెంటీనాకు తరలివచ్చిన ఇటాలియన్లలో జెనోవా ప్రాంతపు నావికులు, రేవు కార్మికులు చాలామంది లా బోకాలో స్థిరపడ్డారు. వారి ముద్ర అన్నిటికన్నా బలంగా కనిపించేది భోజనంలోనే. శనగపిండితో కాల్చిన ‘ఫైనా’ రొట్టెను పిజ్జా ముక్కపై పెట్టుకుని తినడం (శనగపిండి మనకు కొత్త కాదు గానీ, ఈ జోడింపు వింతే), ప్రతి నెలా 29న బంగాళాదుంపలతో చేసే ‘న్యోకి’ వండుకుని పళ్లెం కింద డబ్బు ఉంచడం నేటికీ నగరమంతటా ఆనవాయితీగా కొనసాగుతున్నాయి. 1884లో ఆ వలసదారులే అక్కడ స్వచ్ఛంద అగ్నిమాపక దళాన్ని నెలకొల్పారు. 1905లో వారి సంతతి యువకులు స్థాపించిన బోకా జూనియర్స్ ఫుట్‌బాల్ జట్టుకు ‘జెనోవావాళ్లు’ అనే పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. టాంగో నృత్యాన్ని మాత్రం పూర్తిగా వారి ఖాతాలో వేయడం సబబు కాదు; దాని పుట్టుకలో ఆఫ్రికా సంతతివారి పాత్ర గణనీయమైనది.