క్రాష్ గార్డ్ బండికా, కాలికా?

ప్రశ్న: మాది అనంతపురం, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. రెండు నెలల క్రితం 250 సీసీ బండి కొన్నాను. పెద్ద ఇనుప లెగ్ గార్డ్ (క్రాష్ గార్డ్) వేయించుకో, కాలు దక్కుతుంది అని నాన్న పట్టుబడుతున్నారు. జె.సి. రోడ్‌లో అడిగితే ఫ్రేమ్ స్లైడర్లు (బండి పడితే ముందుగా నేలను తాకేలా రెండు పక్కలా బిగించే ప్లాస్టిక్ దిమ్మలు) చూపించారు. అవి వేస్తే ఫ్రేమే వంగుతుందని మా మెకానిక్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి? అసలు డబ్బు దండగేనా?

జవాబు: దండగేమీ కాదు. కాకపోతే గార్డ్ అయినా, స్లైడర్ అయినా ప్రధానంగా బండిని కాపాడే వస్తువులని తెలిసే కొనండి.

మన ఊళ్లో బండ్లు ఎలా పడతాయో గుర్తు తెచ్చుకోండి. వాన నీళ్లకు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నున్నటి ఫ్లోర్ జారుతుంది. సిల్క్ బోర్డ్ దగ్గర ఆగి కాలు పెట్టబోతే అక్కడ గుంత ఉంటుంది. ఆఫీసు పార్కింగ్‌లో పక్క బండి తీసేవాళ్లు తగిలిస్తారు. పోయిన వానాకాలం నా బండి మా బేస్‌మెంట్‌లో నిలబెట్టిన చోటే ఎడమ పక్కకు ఒరిగిపోయింది. క్లచ్ లీవర్ విరిగింది, ఇంజిన్ కవర్ మీద లోతుగా గీత పడింది, ట్యాంక్ సొట్టబోయింది. స్లైడర్ ఉండి ఉంటే ఇంజిన్ కవర్ తప్పకుండా దక్కేది, బహుశా ట్యాంక్ కూడా. లీవర్ సంగతి మాత్రం అప్పటికీ అనుమానమే, హ్యాండిల్ చివర్లు ఎలాగూ నేలను తాకుతాయి.

ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోకండి. క్లెయిమ్ చేయని మొదటి ఏడాదికి వచ్చే నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, 20 శాతం. అది పెరుగుతూ ఐదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. చిన్న సొట్ట కోసం క్లెయిమ్ చేస్తే మామూలుగా అది పోతుంది. పైగా జీరో డెప్ (విడిభాగాల తరుగుదల కోయని అదనపు పాలసీ) తీసుకోకపోతే ప్లాస్టిక్ భాగాల ఖర్చులో సగం మీ జేబులోంచే. స్లైడర్ ధర గిట్టుబాటయ్యేది ఇలాంటి చిన్న పడిపోవడాల్లోనే.

ఇక నాన్నగారి మాట. బండి మెల్లగా పక్కకు ఒరిగినప్పుడు గార్డ్ ఉంటే కాలు కింద నలగకుండా కొంత జాగా మిగులుతుంది. అంతవరకు ఆయన అన్నది నిజమే. గట్టి ప్రమాదంలో లెక్క మారుతుంది. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైక్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. క్రాష్ బార్ (ఇలాంటి ఇనుప గార్డే) ఉన్న బండ్ల మీద పాదం, చీలమండ గాయాలు తగ్గాయి గానీ తొడ, మోకాలు, మోకాలి కింది భాగం గాయాలు అంతకంత పెరిగాయి. పాత పరిశీలనే. అయినా కాలికి ఎదురుగా ఇనుప కడ్డీ ఉండటం ఎప్పుడూ మేలేనన్న నమ్మకాన్ని అది నిలబడనివ్వదు. నాన్నగారికి ఈ సంగతి నిదానంగా చెప్పండి. ఆయన భయం మీ కాలి గురించే కాబట్టి, అదే డబ్బుతో చీలమండ కప్పే బూట్లు, ఈఎన్ 1621-1 (యూరప్ భద్రతా ప్రమాణం) గుర్తు ఉన్న మోకాలి గార్డులు కొని చూపించండి. హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 నంబరు ఉండాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) మీ బండికి ఎలాగూ ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి.

మెకానిక్ భయం ఉత్తది కాదు. స్లైడర్‌ను చాలా బండ్లలో ఇంజిన్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే బోల్ట్ దగ్గరే బిగిస్తారు. అది ఎంత బయటికి పొడుచుకొస్తే దెబ్బ అంత బలంగా ఆ ఒక్క బోల్ట్ మీద పడుతుంది. జారుతున్న బండి స్లైడర్ డివైడర్ అంచుకు తగులుకుంటే బండి పల్టీ కొట్టే ప్రమాదమూ ఉంది. అందుకే పొట్టిది, సరిగ్గా మీ మోడల్ కోసం చేసినది, వీలైతే రెండు చోట్ల బిగించే ప్లేట్‌తో వచ్చేది తీసుకోండి. బయటి ముక్క డెల్రిన్ లాంటి గట్టి ప్లాస్టిక్‌ది కావాలి, అది అరుగుతూ జారుతుంది. బోల్ట్ తల లోపలికి బాగా దిగి ఉండాలి. బిగించేటప్పుడు ఇంజిన్ కింద ఆనుడు పెట్టించి, ఒకసారికి ఒక పక్క బోల్టే విప్పమనండి. మాన్యువల్‌లో ఉన్నంత టార్క్‌కే (తిప్పే బలానికే), ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. "చేత్తో గట్టిగా తిప్పాను సార్" అంటే ఒప్పుకోకండి.

మీకు నా సలహా: పొట్టి స్లైడర్లు వేయించండి. వెడల్పాటి ఇనుప గార్డ్ వద్దు. మారతహళ్లి ట్రాఫిక్‌లో కార్ల మధ్య నుంచి పోతుంటే అది ఏ బంపర్‌కో తగులుకుంటుంది.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర మెల్లగా వెళ్తూ పడ్డాను. స్లైడర్ అరిగింది, బండికి గీత కూడా లేదు. అలాగే ఉంచొచ్చా?

జవాబు: ప్లాస్టిక్ పైపైన అరిగితే ఫర్వాలేదు. బోల్ట్ తల బయటపడేదాకా వస్తే మార్చేయండి. అరిగిన దానికన్నా బోల్ట్ వంగిందేమో అన్నదే అసలు భయం. దాన్ని తీయించి అద్దం మీద దొర్లించండి, వంకర ఉంటే ఎగుడుదిగుడుగా దొర్లుతుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాని తల మీద ఉన్న 8.8 లేదా 10.9 అంకె చూసి అదే గ్రేడ్‌ది తీసుకోండి. బిగించిన చోట ఫ్రేమ్ పెయింట్ పగిలి ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌లో చూపించండి.

ప్రశ్న: హ్యాండిల్‌కు ఐఫోన్ బిగించి మ్యాప్స్ చూస్తాను. కెమెరా పాడవుతుందా?

జవాబు: పాడయ్యే అవకాశం ఉంది. పెద్ద మోటార్‌సైకిల్ ఇంజిన్ల కంపనం హ్యాండిల్ ద్వారా వచ్చి కెమెరాలో ఫొటో కదలకుండా చూసే భాగాలను దెబ్బతీయవచ్చని 2021లో యాపిలే హెచ్చరించింది. కంపనం తగ్గించే డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి. ఇంట్లో పాత ఫోన్ ఉంటే ఇంకా మంచిది. బయల్దేరే ముందు అందులో ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకుంటే దారి చూడటానికి సిమ్ కూడా అక్కర్లేదు.