‘మిణుకు’ అనే రాయమ్మా

సత్యనారాయణపురం,
విజయవాడ

అమ్మాయీ,

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. పైన ‘సౌరపవన సంక్షుబ్ధతా పరిశీలనం’ అని చూసి పక్కన పడేశాను. రాత్రి కరెంటు పోయి, ఏమీ తోచక టార్చిలైటు వేసుకుని మళ్లీ తీశాను. నాలుగో పేజీలో దొరికింది: డాబా మీద పడుకుని మీ తాతయ్య “మిణుకుమంటే చుక్క, మిణుకుమనకపోతే గ్రహం” అని నీకు చెప్పడం. అక్కడ మొదలెట్టాలి తల్లీ!

అసలు కథంతా అదే కదా. మన గాలిలో చుక్క వెలుగు వణికినట్టే, సౌర పవనంలోంచి, అంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే విద్యుదావేశ కణాల గాలిలోంచి, వచ్చే క్వేజార్ రేడియో తరంగాలూ వణుకుతాయి. క్వేజార్ అంటే ఎక్కడో దూరపు గెలాక్సీ నడిబొడ్డున వెలిగేది. 1964లో కేంబ్రిడ్జిలో ఖగోళ శాస్త్రవేత్త హ్యూయిష్ బృందం బయటపెట్టింది ఈ మిణుకునే. నువ్వేమో “ఊటీ రేడియో టెలిస్కోపు సౌర పవనాన్ని ఫొటో తీస్తుంది” అన్నావు. తప్పు. అది చూసేది పవనానికి అవతల ఉన్నదాన్ని. అది వినే 327 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర ఆ వణుకు పుట్టించేవి పవనంలో కణాలు చిక్కబడ్డ, కొన్ని వందల కిలోమీటర్ల ముద్దలు. పవనం సెకనుకు 400 కిలోమీటర్ల లెక్కన పోతుంటే, దాదాపు సెకనుకో మిణుకు. ఇంత ముచ్చటైన లెక్క వదిలేసి మూడు పేజీల నిర్వచనాలా?

నేనూ ఊటీ వెళ్లొచ్చి రాశాను. 530 మీటర్ల పొడుగు టెలిస్కోపు, ఆ ఊరి అక్షాంశానికి సరిపోయే కొండవాలు ఏరి మరీ కట్టారు. ‘మిణుకు’ అని పదకొండుసార్లు రాస్తే, ఎడిటరుగారు పదకొండూ కొట్టేసి ‘ప్రస్ఫురణ’ అని దిద్దారు. అచ్చయ్యాక మా ఆవిడ చదివి “ఇదేం జబ్బండీ?” అంది. పారితోషికం ఇప్పటికీ రాలేదు.

‘సంక్షుబ్ధత’ తీసేసి ‘సుడులు’ అను. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తినప్పుడు సీతానగరం వైపు నిలబడి చూడు. పెద్ద సుడి చీలి చిన్నవవుతుంది, అవి ఇంకా చిన్నవై నురగలో కలిసిపోతాయి. పవనంలోనూ శక్తి అలాగే పెద్ద సుడుల నుంచి చిన్నవాటికి దిగి, చివరికి వేడవుతుంది. కానీ ‘అచ్చం కృష్ణలాగే’ అనకు. భూమి దగ్గర ఘన సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లే ఉంటాయి, అవి ఒకదాన్నొకటి గుద్దుకోవడమే అరుదు. వాటిని కలిపి ఊపేది అయస్కాంత క్షేత్రం. ఆ తేడా రాయకపోతే పోలిక అబద్ధమవుతుంది.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకం ఎప్పుడు వేయాలి అన్నావు. తర్వాత చూద్దాం. తాతయ్య ఇంకేమేం చెప్పేవారో రాసి పంపు. కవర్లో స్టాంపులు పెట్టకు, పోయినసారివే అతుక్కుపోయి ఉన్నాయి.

మీ మాస్టారు