మీ బిర్యానీ సంగతి సరే, ఆవిడ ఏం తింటున్నారు?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. సంక్రాంతి తర్వాత చేయించుకున్న పరీక్షల్లో షుగర్ సరిహద్దులో ఉందని, కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. మందులు ఇవ్వలేదు, బరువు తగ్గమన్నారు. అప్పుడు 94 కిలోలు, ఈ అయిదు నెలల్లో 86కు వచ్చాను. పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో నడుస్తాను. రాత్రి అన్నం మాని జొన్నరొట్టె తింటున్నాను. ఈ విషయంలో నా భార్య సహకారం మరువలేనిది. తను 48 కిలోలే అయినా నాకు తోడుగా రాత్రి అన్నం మానేసింది. మాంసం, నూనె వంటలు ఇంట్లో వండడమే ఆపేసింది. మొన్న తన పుట్టినరోజుకు హోటలుకు వెళ్దామన్నా "మీ పథ్యం చెడుతుంది, వద్దు" అంది. ఈ మధ్య కాస్త కళ్లు తిరుగుతున్నాయంటోంది, రోహిణి కార్తె ఎండల వల్ల అనుకుంటున్నాం. నా సమస్య ఏమిటంటే, పదిహేను రోజులకోసారి శనివారం రాత్రి స్నేహితులతో విజయవాడ వెళ్లి బిర్యానీ తింటున్నాను. బాధపడుతుందని ఇంట్లో యార్డు పని అని చెబుతున్నాను. తిరిగి వచ్చేసరికి తను తినకుండా కూర్చుని ఉంటుంది కాబట్టి ఒక రొట్టె తినక తప్పదు. సోమవారం తూచుకుంటే కిలోన్నర పెరిగి ఉంటోంది. నా కష్టమంతా వృథా అవుతోందా? మర్నాడు పస్తుంటే సరిపోతుందా? బరువు పెరగకుండా హోటల్లో ఏమేం తినవచ్చో చెప్పగలరు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు అడిగినదానికి సమాధానం చిన్నది. ముందు అది చెప్పేస్తాను.

పదిహేను రోజులకోసారి ఒక పూట బిర్యానీ తింటే అయిదు నెలల కష్టం ఎక్కడికీ పోదు. ఒంటికి ఒక కిలో కొవ్వు చేరాలంటే మీరు ఖర్చు చేసేదానికన్నా దాదాపు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. బిర్యానీ, వేయించిన కోడి ముక్కలు, కూల్‌డ్రింకు అన్నీ కలిపినా ఒక్క పూటలో ఆ అంకె దరిదాపులకు పోలేరు. సోమవారం మిమ్మల్ని భయపెడుతున్న కిలోన్నరలో చాలా భాగం నీరే. హోటల్ వంటలోని ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. దానికి తోడు, తిన్న అన్నంలోని పిండిపదార్థం కొంత కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. అది గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని వెంటబెట్టుకుని ఉంటుంది. వారం మధ్యకు వచ్చేసరికి అదంతా దిగిపోతుంది. సోమవారం తూకం మానేసి శనివారం పొద్దున తూచుకోండి, మనశ్శాంతిగా ఉంటుంది.

పస్తు వద్దు. ఆదివారమంతా కడుపు మాడ్చుకున్నవాడు సాయంత్రానికి మిరపకాయ బజ్జీల బండి దగ్గర తేలతాడు, అది కూడా గుంటూరులో. పైగా రేపెప్పుడైనా షుగర్ మాత్రలు మొదలుపెడితే, వాటిలో కొన్ని రకాలు వేసుకుని పస్తుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. కాబట్టి ఆ అలవాటు ఇప్పుడే చేసుకోకండి. మొదటి బరువులో అయిదు నుంచి ఏడు శాతం తగ్గినా సరిహద్దులో ఉన్న షుగర్ మధుమేహంగా ముదిరే అవకాశం బాగా తగ్గుతుంది, కాలేయంలో కొవ్వు కూడా కరగడం మొదలవుతుంది. మీరు ఎనిమిది శాతం దాటారు. మంచి పని చేశారు. ఇక హోటల్లో ఏం తినవచ్చంటారా, నలభై దాటిన మనిషికి ఏది నూనెలో వేగిందో ఏది నిప్పుల మీద కాలిందో నేను చెప్పాలా?

ఇక్కడితో మీ ప్రశ్న అయిపోయింది. ఇప్పుడు మీ ఉత్తరం సంగతి మాట్లాడదాం.

48 కిలోలున్న మనిషి రాత్రి అన్నం మానేశారని మీరు మెచ్చుకోలుగా రాశారు. అది చదివాక నాకు మీ కిలోన్నర మీద దృష్టి నిలవలేదు. ఆవిడకు బరువు తగ్గమని ఏ డాక్టరూ చెప్పలేదు. ఆవిడ ఒంటి మీద తగ్గించడానికి ఏమీ లేదు కూడా. అయినా మీతో పాటు ఒక రొట్టెతో సరిపెట్టుకుంటున్నారు. మీరు దానికి సహకారం అని పేరు పెట్టి ముందుకు సాగిపోయారు. "నేను మానమనలేదు కదా" అని మీరు అనవచ్చు. నిజమే, అని ఉండరు. మన ఇళ్లలో ఎవరూ అననక్కర లేదు. మగవాడికి పథ్యం అంటే ఇంటి పొయ్యికే పథ్యం. కార్తీకంలో ఉపవాసాలు, శ్రావణంలో నోములు అలవాటైన ఆడవాళ్లకు ఒక పూట అన్నం మానడం ఎవరికీ చెప్పనంత చిన్న విషయంగా కనిపిస్తుంది. అన్నీ వాళ్లే వదులుకుంటారు. "నువ్వెందుకు మానేశావు, నీ అన్నం నువ్వు తిను" అని అడ్డుకోవలసినవాడు మాత్రం మీరు. అయిదు నెలలుగా ఆ ఒక్క మాట మీ నోట రాలేదు.

పైగా ఆ రొట్టెలు ఎలా వస్తున్నాయో మీకు తెలుసా? మన గుంటూరు వైపు చాలా ఇళ్లలో జొన్నరొట్టె అమ్మ దగ్గర నేర్చుకున్న వంట కాదు. గోధుమపిండిలా సాగదు, జిగురుండదు. మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా వేడి మీదే మర్దించాలి. అరచేత్తో తడుతూ పలచన చేయాలి, అంచు విరగకుండా ఎత్తి పెనం మీద వేయాలి, పైన తడిగుడ్డతో అద్దాలి. కొంచెం ఆగితే పిండి పగిలిపోతుంది. చల్లారిన రొట్టె అట్టలా గట్టిపడుతుంది కాబట్టి మీరు వచ్చే వేళకే కాల్చాలి. నడివయసులో ఆవిడ ఈ విద్య కొత్తగా నేర్చుకుని ఉంటారు, మీ కోసమే. శనివారం రాత్రి మీరు కృష్ణ దాటి వెళ్లి బిర్యానీ తింటుంటే ఆవిడ పిండి కలిపి, మీ అడుగుల చప్పుడు వినిపిస్తే పెనం పెడదామని కూర్చుని ఉంటారు. ఖాళీ కడుపుతో.

మీరు వస్తారు. పట్టుబడకుండా ఉండడానికి, నిండిన పొట్టలో ఇంకో రొట్టె కుక్కుతారు. అదనపు కేలరీలు ఎక్కడివని వెతుకుతున్నారు కదా, కొన్ని అక్కడున్నాయి.

ఆవిడ బాధపడతారని దాస్తున్నానన్నారు. నేను నమ్మను. పదిహేను రోజులకోసారి స్నేహితులతో తింటానంటే ఏ భార్య ఏడుస్తుంది? మహా అయితే "ఎక్కువ తినకండి" అంటారు. మీరు దాస్తున్నది వేరే కారణానికి. ఆవిడ మీ కోసం అంత వదులుకున్నాక, మీరు వదులుకోలేకపోయారన్న సంగతి ఆవిడ ముందు ఒప్పుకోవడానికి మీకు నామోషీ. అందుకని ఆవిడను మీ తిండికి కాపలాదారును చేసి, మీరు హాస్టల్ గోడ దూకే కుర్రాడిలా తిరుగుతున్నారు. ఆవిడ ఆ కొలువు మిమ్మల్ని అడగలేదు.

ఇంకో మాట. ఆవిడకు తెలియదని మీరెలా అనుకుంటున్నారు? బిర్యానీ హోటల్లో గంట కూర్చుని వచ్చిన చొక్కాకు ఆ మసాలా వాసన మర్నాటి దాకా పోదు. మీ చొక్కాలు ఎవరు ఉతుకుతారు? యార్డుకు వేసవి సెలవులు ఇస్తారని గుంటూరులో పిల్లలకు కూడా తెలుసు. సెలవుల్లో శనివారం రాత్రి పది దాకా ఏ లెక్కలు రాస్తున్నారని చెప్పారు? నా ఊహ, ఆవిడకు మొదటి రెండు సార్లలోనే తెలిసి ఉంటుంది. తెలిసీ ఊరుకున్నారు, రొట్టె కాల్చారు. ఎందుకు ఊరుకున్నారన్నది మీరే అడిగి తెలుసుకోవలసిన విషయం. నాకైతే ఆ మౌనం మంచి సంకేతంగా కనిపించడం లేదు. మీరేమో అడగలేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకుంటున్నారు.

పుట్టినరోజు సంగతి రాయకపోయినా మిమ్మల్ని కొంత మన్నించేదాన్నేమో. ఏడాదికి ఒక్క రోజు తనది. ఆ రోజు కూడా మీ పథ్యం గుర్తు చేసుకుని వద్దన్నారు. మీరు "సరేలే" అని ఊరుకున్నారు. ఆ వద్దు అనే మాటను తోసేయడానికి మీకు పెద్ద తెలివి అక్కరలేదు. "పద, చీర కట్టుకో" అంటే చాలు. ఆ తర్వాత వచ్చిన శనివారం మీరు కాజ టోల్‌గేటు దాటి వెళ్లారా లేదా, అది నాకు రాయలేదు.

కళ్లు తిరగడాన్ని రోహిణి కార్తె మీదకు నెట్టేశారు. ఎండలు అందరికీ ఉన్నాయి, మీకెందుకు తిరగలేదు? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మాంసం మాని, రాత్రి తిండి సగం చేసుకుని, పొద్దున అందరికీ పెట్టాక మిగిలింది తినే మనిషి ఆ లెక్కలో ఉండే అవకాశం ఎక్కువే. ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్టే. థైరాయిడ్ కూడా చూపించండి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందేమో డాక్టరు అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానం ఆవిడే చెప్పాలి, మీరు మధ్యలో మాట్లాడకండి.

ఆవిడ రాత్రి అన్నం ఈ రోజు నుంచే మళ్లీ మొదలు కావాలి. మీకు ఒక అపోహ ఉన్నట్టుంది. వంద గ్రాముల బియ్యానికీ వంద గ్రాముల జొన్నలకూ కేలరీల్లో పెద్ద తేడా లేదు. తేడా పీచులోనూ, ఎంత తింటున్నామన్న దాంట్లోనూ ఉంది. రెండు రొట్టెలతో ఆపుతున్నారు కాబట్టి మీరు తగ్గారు. కొలిచి ఒక కప్పు అన్నం తిని, పక్కన కూర, పప్పు ఎక్కువ పెట్టుకున్నా తగ్గేవారు. కాబట్టి రోజూ రొట్టెలే కావాలన్న పట్టు వదలండి, ఆవిడ చేతులకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఇంట్లో మాంసం వండడం మానడం వల్ల కూడా మీకు ఒరిగిందేమీ లేదు. కొలిచిన నూనెతో ఇంట్లో చేసిన కోడి పులుసు మీ కాలేయానికి శత్రువు కాదు. వేటమాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. ఆకుకూరల్లో ఉన్నది అంత తేలిగ్గా పట్టదు కాబట్టి పైన నిమ్మకాయ పిండుకోవాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము కూడా సరిగా అందదు. ఆదివారం అరకిలో మాంసం మీరే తెచ్చి, ఆవిడ పళ్లెంలో మీరే వడ్డించండి. వడ్డించడం రాదనకండి.

స్నేహితులను మానేయమని నేను చెప్పను. నెలకు రెండు శనివారాల్లో ఒకటి వాళ్లతో ఉంచుకోండి. వెళ్లే ముందు "ఈ రోజు బయట తింటున్నాను, నువ్వు ఎనిమిదింటికల్లా తినేయి" అని చెప్పి వెళ్లండి. రెండో శనివారం ఆవిడది. ఎక్కడికి వెళ్లాలో, ఏం తినాలో ఆవిడే చెప్పాలి. బిర్యానీయే అంటారని అనుకోకండి. బ్రాడీపేటలో పెసరట్టు ఉప్మా చాలు అనవచ్చు. విజయవాడ వెళ్లి అమ్మవారి దర్శనం చేసుకుని వద్దామనవచ్చు. మొదటిసారి "మీ ఇష్టం" అంటారు. ఆ మాటతో వదిలేయకండి, మళ్లీ అడగండి.

అన్నిటికన్నా ముందు, ఇన్నాళ్లూ ఎక్కడ తిన్నదీ ఆవిడకు చెప్పేయండి. అందరూ పడుకున్నాక, ఇద్దరే ఉన్నప్పుడు. "నీకు బాధ కలుగుతుందని" అన్న మాట అందులో రాకూడదు. వింటే ఆవిడ కోపగించుకోవచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. లేదా "తెలుసు" అని ఒక్క మాట అని పక్కకు తిరిగి పడుకోవచ్చు. ఏదైనా సరే, ఆ రెండు రోజులూ బయట నుంచి పొట్లాలు తెచ్చి ప్రసన్నం చేసుకోవాలని చూడకండి. కోపం ఆవిడ హక్కు.

పరీక్షకు మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. ఐరన్ మాత్రలు రాస్తే అవి కొన్ని నెలల పాటు వాడాలి. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు. వికారంగా ఉందనో, మలబద్ధకం వచ్చిందనో చాలామంది ఆడవాళ్లు రెండో వారానికే సీసా అలమరలో పెట్టేస్తారు, ఇంట్లో ఎవరూ గమనించరు. అలా ఇబ్బంది పెడితే వేరే రకం మాత్ర అడిగి రాయించుకోవచ్చు. ఆ సీసాలో ఎన్ని మిగిలాయో వారానికోసారి మీరు లెక్క చూడండి.