ముందు బోటును కెరటం దాటించు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివానమ్మా. భాష నీకు ఉంది, అందులో అనుమానం లేదు. కానీ మూడో పేజీలో పదహారేళ్ళ కుర్రాడు మొదటిసారి చీకట్లో సముద్రం మీద చేపల వేటకి బయల్దేరే చోట నేను ఒడ్డునే ఉండిపోయాను. అక్కడ భయం గురించి చాలా రాశావు, బోటు గురించి రెండు వాక్యాలు రాశావు. అందుకే ఈ ఉత్తరమంతా ఆ ఒక్క పేజీ గురించే. చివర పెళ్ళిచూపుల సన్నివేశం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. దాని సంగతి కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

ముందు చంద్రుడి విషయం. వైశాఖ శుద్ధ దశమి అన్నావు, తెల్లవారుజామున మూడున్నర అన్నావు, కెరటాల మీద వెన్నెల పరిచావు. దశమి చంద్రుడు రాత్రి రెండు ప్రాంతంలోనే కుంకిపోతాడు. పైగా మన ఊళ్ళో చంద్రుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక్కి దిగుతాడు. కాబట్టి నువ్వు చెప్పిన వేళకి అక్కడ ఉండేది చీకటే. వెన్నెల తీసేశాక కుర్రాడికి కళ్ళు సరిగ్గా పనిచెయ్యవు. అప్పుడు నీ పేజీ అంతా వాడి చెవులతో, పాదాలతో, అరచేతులతో రాయాల్సి వస్తుంది. నీ కథకి కావలసింది కూడా అదే.

ఇక నెల. వైశాఖ శుద్ధ దశమి ఏప్రిల్ చివరో, మే నెలలోనో వస్తుంది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఇంజను బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఇంజను లేని తెప్పకి ఆ నిషేధం లేదు, కానీ నీ కథలో ఇంజను ఉంది, దాని బాకీ కూడా ఉంది. ఆ బాకీ మీదే కథ నడుస్తోంది కనక ఇంజను తియ్యకు, నెల మార్చు. ఆషాఢానికి జరుపు. నిషేధం అయిపోయి ఉంటుంది, రెండు నెలలు సంపాదన లేక ఇంట్లో చేతులు ఖాళీగా ఉంటాయి, నైరుతి రుతుపవనాల వల్ల కెరటం పెద్దదై ఉంటుంది. ఈ మూడూ నీకు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. జనవరి, ఫిబ్రవరిలో పెడితే సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీ కుర్రాడి భయానికి కారణం చాలదు.

నెల మార్చగానే ఇంకొన్ని వాటంతట అవే మారతాయి, చూసుకో. ఆ రోజుల్లో కెరటం దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తుంది. పెద జలారిపేట ఒడ్డున సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడిచేతి పక్క నుంచి, అంటే డాల్ఫిన్ నోస్ కొండ వైపు నుంచి. ఒడ్డు వెంబడి ఇసుక ఉత్తరానికి కొట్టుకుపోయేది ఇందువల్లే. పోర్టు వాళ్ళు ఏళ్ళ తరబడి ఇసుక తవ్వి ఆర్కే బీచ్ దగ్గర పోయిస్తున్నది కూడా అందుకే. నీ కథలో బోటు 'ఒడ్డుకు నిటారుగా' సముద్రంలోకి వెళ్ళింది. అలా వెళ్తే కెరటం దాని కుడి చెంప మీద కొడుతుంది. బోటు ముక్కు కెరటానికి ఎదురుగా ఉండాలి. ఆ వేళ కెరటం ఎటు నుంచి వస్తే అటు. చీకట్లో అది ఎటు నుంచి వస్తోందో కుర్రాడికి ఎలా తెలుస్తుంది? తొడలకి నీళ్ళు తగిలే తీరుని బట్టి. కుడి తొడ ముందు తడుస్తుంది. అది రాయి.

పోటు గురించి కూడా ఒక మాట. సముద్రం పొంగి ఇళ్ళ దాకా వచ్చిందన్నావు. మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా పౌర్ణమి, అమావాస్యలకే సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి దాటిన ఈ రెండు మూడు రోజుల్లో ఇంకా తక్కువ. ఆ వాక్యం కొట్టెయ్.

ఇప్పుడు అసలు పని. నీ కథలో ఇద్దరు బోటుని 'అలవోకగా' నీళ్ళలోకి తోశారు. ఫైబర్ బోటు, ఇంజను, ఆయిలు, తడి వల, ఐసు పెట్టె, ఇన్నీ ఉన్నదాన్ని ఇద్దరు కదపలేరు. కింద దుంగలు వేస్తారు, పక్క బోటు వాళ్ళు కూడా వచ్చి భుజం ఆనిస్తారు, ఒకడు పదం అందుకుంటే మిగతావాళ్ళు దాని దెబ్బకి తోస్తారు. దుంగ వెనక నుంచి తీసి ముందుకు వెయ్యడం చిన్నవాళ్ళ పని. నీ కుర్రాడికి ఆ పని ఇవ్వు. వాడు మొదటిరోజే తెడ్డు పట్టడు కదా.

నీళ్ళు మోకాలికి వచ్చాక తోసేది కెరటం వెనక్కి లాగేటప్పుడే. ముందుకొచ్చే నీళ్ళతో కుస్తీ పట్టకూడదు. ఇసుక కాళ్ళ కింద నుంచి జారిపోతుంటే బోటు దానంతట అది తేలికవుతుంది. అప్పుడు తోస్తారు, మళ్ళీ పట్టుకుని నిలబడతారు. అందరూ రెండు పక్కలా ఉంటారు, ఒడ్డు వైపు బోటు వెనక ఎవరూ ఉండకూడదు. కెరటం ఒక్క దెబ్బకి అంత బరువునీ ఒడ్డుకి విసురుతుంది, మధ్యలో మనిషి ఉంటే కాళ్ళు విరుగుతాయి. నీ కథలో తండ్రి కొడుకుని 'జాగ్రత్తగా వెనక నిలబడు' అంటాడు. తండ్రి అన్నవాడు ఆ మాట అనడు. కొడుకు అటు పోతే తిట్టి ఇవతలికి లాగుతాడు.

తర్వాతిది నువ్వు కనీసం అరపేజీ ఆగి రాయాల్సిన చోటు. కెరటం తన ఎత్తుకి కాస్త మించిన లోతులోకి వచ్చేసరికి విరుగుతుంది. మీటరు ఎత్తు కెరటం సుమారు ఒకటిం పావు మీటరు లోతులో. అంటే మనిషికి ఛాతీ దాకా నీళ్ళు, పాదాలకి నేల అందీ అందనట్టుండే చోటు. బోటుని పట్టుకోవడానికి కాళ్ళ బలం పోయేదీ, కెరటం నెత్తిన పడేదీ సరిగ్గా అక్కడే. ఇంజను ఇంకా పైకెత్తే ఉంటుంది, దించితే దాని కింద నీళ్ళలో తిరిగే పంకా ఇసుకకి కొట్టుకుంటుంది. ముందుకు లాగేది తెడ్డు ఒక్కటే. అందుకే ముందు ఆగుతారు. పెద్ద కెరటాలు కొన్ని వరసగా వస్తాయి, తర్వాత కాసేపు చిన్నవి వస్తాయి. ఆ సందు కోసం ఎదురుచూడాలి. పగలైతే దూరం నుంచే కనిపిస్తుంది. చీకట్లో విరిగాక తెల్లటి నురగ కనిపిస్తుంది గానీ విరగక ముందు కెరటం కనిపించదు. అనుభవమున్నవాళ్ళు ఏం చేస్తారంటే, పోర్టులోకి పిలుపు కోసం దూరాన లంగరేసుకున్న ఓడల దీపాల మీద కన్నేసి ఉంచుతారు. దీపాల వరస ఒక్కసారిగా మాయమైతే మధ్యలో నీటి గోడ లేచినట్టు. దీపాలు అలా కనబడుతూనే ఉంటే దారి ఉన్నట్టు. నీ భయం గురించిన వాక్యాలన్నిటి బదులు ఆ దీపాల్ని ఒకసారి ఆర్పి చూడు.

అక్కడ మాటలు కూడా తగ్గించు. బోటు నడిపే నీ ముసలి సరంగు నడుములోతు నీళ్ళలో నిలబడి సముద్రం తల్లి లాంటిదని ఉపన్యాసం ఇచ్చాడు. ఆ క్షణంలో నోట్లోంచి వచ్చేది 'ఉండు... ఉండు... ఇప్పుడు! తొయ్యండ్రా! ఎక్కెయ్, ఎక్కెయ్!' అంతే. చివర ఎక్కేవాడు పక్క నుంచి కడుపు మీద పడి బోటులోకి జారతాడు. మీద నీళ్ళు పడతాయి, ఎవరో డబ్బాతో తోడతారు. గంగమ్మకి దండం ఒక పేజీ రాశావు. నీళ్ళు తాకి కళ్ళకద్దుకోవడం ఒక్క వాక్యంలో అయిపోతుంది. వాళ్ళు కూడా అంతే సేపు పెడతారు.

కెరటాల బయటికి వచ్చాక ఇంజను దించి తాడు లాగుతారు. అప్పటి నుంచి నీ కుర్రాడు చెవితో సముద్రాన్ని చదవాలి. బోటు వెనక భాగం లేచి పంకా గాలిలోకి వచ్చినప్పుడల్లా ఇంజను గొంతు సన్నగా పైకి పోతుంది, మళ్ళీ మునగగానే బొంగురుపోతుంది. కెరటం ఎంత పెద్దదో ఆ చప్పుడు చెప్పేస్తుంది.

టార్చి గురించి. సినిమాల్లోలాగా నీ కథలో అందరూ టార్చీలు వేస్తూనే ఉన్నారు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ వెలుగు మొహం మీద పడితే మళ్ళీ మొదటికొస్తుంది. కుర్రాడు అలవాటు కొద్దీ ఫోన్ తీసి టైము చూశాడనుకో, బోటంతా ఒకేసారి తిడుతుంది. ఆ తిట్లు నువ్వు రాయగలవు, నీకు ఆ చెవి ఉంది. బీచ్ రోడ్డు దీపాలు కూడా ఇదే పని చేస్తాయి. వెళ్ళేటప్పుడు అవి వీపు వైపు ఉంటాయి కనక ఫరవాలేదు. వెనక్కి తిరిగి చూస్తే మాత్రం కాసేపు ముందున్న నీళ్ళు కనబడవు. అందుకని వాడు ఇంటి వైపు తిరిగి చూడటం గురించి నువ్వు రాసిన పేరా చాలా అందంగా ఉన్నా, ఆ సమయంలో వాణ్ణి అటు తిరగనివ్వకు. లోపలికి పోయాక తిరగమను. అప్పుడు ఎడమ పక్క డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్, కుడి పక్క కైలాసగిరి దీపాలు, మధ్యలో ఊరు. ఒక దీపం వెనక ఇంకో దీపం సరిగ్గా వచ్చిందా లేదా చూసుకుని తాము ఎక్కడున్నామో చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, జీపీఎస్ చేతిలో ఉన్నా సరే.

బోటులో నిజంగా టెన్షన్ పెట్టే సంగతి ఇంకొకటి ఉంది, నువ్వు వాడుకోలేదు. ఓడకి ఎడమ వైపు ఎర్రదీపం, కుడి వైపు పచ్చదీపం, పైన తెల్లవి. ఎర్రది ఒక్కటే కనబడితే దాని ఎడమ పక్క మనకు కనిపిస్తున్నట్టు, పచ్చది ఒక్కటే అయితే కుడి పక్క. రెండూ కలిసి కనబడితే ఓడ తిన్నగా మన మీదికే వస్తోంది. అంత పెద్ద ఓడ ఉన్నట్టుండి ఆగలేదు, మన చిన్న దీపం దాని మీదున్నవాళ్ళకి కనబడిందో లేదో తెలియదు. వల నీళ్ళలో ఉంది, కోసెయ్యాలా లాగాలా? బాకీ ఉన్న మనిషి వల కొయ్యడానికి చెయ్యి ఎలా ఆడుతుంది? నీ కథకి ముడి ఇక్కడ ఉందని నా అభిప్రాయం, పెళ్ళిచూపుల్లో కాదు.

తిరుగు ప్రయాణం తెల్లారాక కనక ఒక్క వాక్యంలో ముగించావు, మంచిదే. ఎప్పుడైనా చీకట్లో తిరిగి రావడం రాయాల్సొస్తే అది వెళ్ళడం కన్నా కష్టమని గుర్తుంచుకో. లోపలి నుంచి చూస్తే కెరటాల వీపులే కనబడతాయి, విరిగే చోటు కనబడదు. వెనక నుంచి కెరటం ఎత్తి తోస్తే ముక్కు నీళ్ళలో గుచ్చుకుని బోటు అడ్డం తిరుగుతుంది, తర్వాతి కెరటానికి బోల్తా పడుతుంది. అందుకే ఒక కెరటం వీపు వెనకే, దాన్ని దాటిపోకుండా రావాలి.

తల్లి ఒడ్డున నిలబడి ఏడవడం తీసెయ్. మూడున్నరకి ఆవిడ ఆయిలు డబ్బుల లెక్క చూస్తూ ఉంటుంది, ఎవరికి ఎంత ఇవ్వాలో నోటికి చెబుతూ ఉంటుంది. ఏడుపు కన్నా అది నాకు ఎక్కువ వినబడుతుంది.

మీ ఎం.వి.పి. కాలనీ నుంచి పెద జలారిపేట నడిచిపోయేంత దూరమే. ఈ పేజీ మళ్ళీ రాసే ముందు ఒక తెల్లవారుజామున వెళ్ళి ఇసుకలో కూర్చో. మీ అన్నయ్యని తోడు తీసుకెళ్ళు, ఫోన్ వాడి దగ్గర పెట్టించు. ఎవరినీ ఇంటర్వ్యూ చెయ్యకు, పనివేళ వాళ్ళకి విసుగు. బోట్లు వెళ్ళిపోయాక ఒడ్డున మిగిలిన పెద్దవాళ్ళు ఉంటారు, వాళ్ళని 'తాతా' అని పలకరిస్తే వాళ్ళే చెబుతారు. ఎవరైనా 'ఎక్కమ్మా, ఓసారి తిప్పుతాం' అంటే లైఫ్ జాకెట్ ఉంటేనే ఎక్కు, ఆషాఢంలో మాత్రం అదున్నా వద్దు. ఆ మూడో పేజీ ఒక్కటే పంపు, మిగతా కథ నా దగ్గరే ఉంది.

ఉంటాను,
నీ మాస్టారు