షాపులో ఇచ్చిన ఆ తెల్ల మాత్రలేమిటో ముందు చూడండి

ప్రశ్న: నా వయసు 48. కావలి దగ్గర జడ్పీ హైస్కూల్లో టీచర్ని. ఆరేళ్లుగా షుగర్ ఉంది; మాత్రలతో పరగడుపున 120 దాటదు. 2021 మే నెలాఖరున కొవిడ్ టీకా కొవిషీల్డ్ మొదటి డోసు వేయించుకుంటే రెండు రోజులు జ్వరంతో లేవలేకపోయాను. ఆగస్టు 16న బడులు తెరిచారు, పిల్లలకేమో టీకాల్లేవు. గొంతు గరగరమంటే భయమేసి మెడికల్ షాపులో అజిత్రోమైసిన్, చిన్న తెల్ల మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నాను. ఇప్పటికి నాలుగుసార్లయింది. కృష్ణపట్నంలో ఆనందయ్య కొవిడ్‌కని ఇచ్చిన నాటుమందూ తిన్నాను. ఇంకా రెండో డోసు కావాలా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: కావాలమ్మా. రెండు డోసుల మధ్య 2021 నిబంధన చెప్పే 84 రోజులు నిండాయి కాబట్టి ఈ వారమే వేయించుకోండి, అదీ కొవిషీల్డే. జ్వరం వచ్చిందని మానక్కర్లేదు. ఈ టీకాకు రెండో డోసప్పుడు బాధ సాధారణంగా తక్కువే. జ్వరం వస్తే పారాసెటమాల్ 650 వేసుకోండి. రాకముందే మింగి వెళ్లొద్దు. షుగర్ మాత్ర మాత్రం ఆ రోజూ మానొద్దు.

నన్ను కలవరపెట్టింది ఆ తెల్ల మాత్రలు. షాపతను స్ట్రిప్పు కత్తిరించి నాలుగు చేతిలో పెడతాడు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. వెళ్లి పేరు రాయించుకోండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్... ఇలా ‘సోన్’, ‘లోన్’ అని ముగిస్తే స్టెరాయిడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. కొవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు అది ప్రాణం నిలిపే మందు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు చేయదు, కీడు చేయొచ్చు. గొంతు గరగరకు అది వేసుకోవడమేమిటి, మీరు పిల్లలకు పాఠం చెప్పేవారు కదా!

పరగడుపున 120 ఉందని ధీమా వద్దు. పొద్దున వేసుకున్న స్టెరాయిడ్ షుగర్‌ని మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎగదోస్తుంది, తెల్లారేసరికి దించేస్తుంది. మీరు చూసేది ఆ దిగిన అంకె. మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు ఒకసారి చూపించండి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) కూడా చేయించండి. కొవిడ్ వచ్చినవాళ్లలో బ్లాక్ ఫంగస్ (బూజు వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బు) ఎక్కువగా పట్టుకున్నది షుగరూ స్టెరాయిడూ కలిసిన చోటే. ముఖం ఒకవైపే నొప్పి, ముక్కులోంచి నల్లటి స్రావం, కనురెప్ప వాపు, పైపళ్లు కదలడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒకవేళ ఆ మాత్రలు వారాల తరబడి వరసగా వాడుతుంటే మాత్రం ఉన్నపళాన ఆపొద్దు. డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మీద వాడే మందు, వైరస్ మీద పనిచేయదు. ఈసారి గొంతు పట్టేస్తే మెడికల్ షాపుకి కాదు, పరీక్షకు వెళ్లండి. ఎందుకంటే అది కొవిడ్ అయితే, 2021 నిబంధన ప్రకారం రెండో డోసు తగ్గాక మూడు నెలలకు వాయిదా పడుతుంది. అదేమిటో తేల్చకుండా మాత్రలతో కప్పెడితే లెక్కంతా తప్పుతుంది.

కృష్ణపట్నం మందు తిన్నా తినకపోయినా టీకా షెడ్యూలు మారదు. ఆ మందు పేరిట కంట్లో చుక్కలు మాత్రం ఎవరు పోస్తామన్నా వద్దు. 2021 మే 31న రాష్ట్ర ప్రభుత్వం మందుకు అనుమతిచ్చినప్పుడు కూడా వాటిని పక్కన పెట్టింది.

పిల్లల భయం అర్థమవుతోంది. కానీ స్టాఫ్ రూమ్ సంగతి చూశారా? తలుపులు వేసుకుని, మాస్కులు తీసి, పక్కపక్కనే కూర్చుని క్యారియర్లలో కూరలు పంచుకోవడం క్లాసుకంటే తక్కువ ప్రమాదమేమీ కాదు. వరండాలో తినండి. పాఠం చెప్పేటప్పుడు వినబడదని మాస్కు గడ్డం కిందికి లాగొద్దు. గొంతు పెంచినప్పుడే తుంపర్లు ఎక్కువ.

టీకా తర్వాత అరగంట సెంటర్లోనే కూర్చోండి. తర్వాత నెల రోజుల్లోపు విపరీతమైన తలనొప్పి, ఆయాసం, కాలి వాపు, తగ్గని కడుపునొప్పి వస్తే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకున్న తేదీ చెప్పండి. చాలా అరుదు, అయినా తెలిసి ఉండాలి. మొదటి డోసుకు ఊపిరాడకపోవడం, ముఖం వాచడం లాంటివి జరిగి ఉంటే మాత్రం నేను పైన చెప్పింది మీకు వర్తించదు. మిమ్మల్ని చూసే డాక్టర్‌ని అడిగాకే వెళ్లండి. ఆ మాత్రల పేరు రాసిన చీటీ కూడా పట్టుకెళ్లండి.