గుడ్డు పెంకు పల్చబడితే

ప్రశ్న: పెరట్లో అయిదు కోళ్లున్నాయి. ఈమధ్య గుడ్ల పెంకులు పల్చగా వస్తున్నాయి, ఒకట్రెండు పెంకే లేకుండా పడ్డాయి. పైగా ఒక కోడి గుడ్లు పొడుచుకు తింటోంది. జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కోళ్లు హుషారుగా తిరుగుతూ మేత తింటుంటే ముందు అనుమానించాల్సింది కాల్షియం లోటునే. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, అది తయారవడానికి 20 గంటల దాకా పడుతుంది, చాలావరకు రాత్రిపూటే జరుగుతుంది కాబట్టి సాయంత్రం మేత వేళకి ఆల్చిప్పల ముక్కలు అందుబాటులో ఉంచండి. మేతలో కలపొద్దు, విడిగా గిన్నెలో పెట్టండి. కావలసిన కోడి కావలసినంత తింటుంది. ఇంకా గుడ్లకు రాని పిల్లలకైతే అంత కాల్షియం మూత్రపిండాలకు చేటు. గింజలు, వంటింటి మిగుళ్లు ఎక్కువైనా లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్లకోసం తయారుచేసే దాణా) తినడం తగ్గి ఇదే తంటా వస్తుంది.

ఇక తినే కోడి సంగతి. పల్చటి గుడ్డు చితికిందంటే రుచి మరుగుతుంది, అంతే. గూడు కాస్త చీకటిగా, గడ్డి మందంగా ఉంచి రోజుకు రెండు మూడుసార్లు గుడ్లు తీసెయ్యండి, చెక్క గుడ్డొకటి పెడితే పొడిచి పొడిచి విసుగెత్తుతుంది. ముక్కు కొయ్యమనే సలహా మాత్రం వినకండి!

తుమ్ములు, గురక కూడా ఉంటే పశువైద్యుడికి చూపించండి.